ఏడు తరాల బోల్టు

ఓడ బయలుదేరడానికి నలభై రోజులుందనగా ఒక బోల్టు తన తాత పేరు చెప్పలేకపోయింది. దాంతో అరవై ముగ్గురి ఉద్యోగాలు గాలిలో వేలాడాయి.

ఆ అరవై ముగ్గురిలో కర్రి త్రినాథం ఒకడు. బోల్టుకు తాత ఉంటాడనీ, ఆ తాత ఎవరో కనుక్కోవాలనీ దేశానికి నేర్పినవాడు కూడా అతనే. అందుకే మంత్రిత్వ శాఖ నుంచి వచ్చిన ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని చదివి, చివరికి సొరుగులో పెట్టి తాళం వేశాడు. అతని తండ్రి ముప్పయ్యేళ్ళు రామచంద్రపురం తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. సొరుగు శక్తి మీద ఆ వంశానికి కొంత నమ్మకం ఉంది.

దేశం పేరు వెర్మార్. ఐరోపా పటంలో ఉత్తరం వైపు వేలు పెడితే వేలి కింద మొత్తం మాయమైపోయే దేశం. జనాభా పద్నాలుగు లక్షలు. ఒకప్పుడు చేపలు పట్టేవారు. చేపలు తగ్గాక, చలిలో తలుపులేసుకుని కూర్చుని చేయగలిగిన పని ఏదా అని ఆలోచించి, కంటికి ఆననంత చిన్న వస్తువులు చేయడంలో ఆరితేరారు. రాజధాని తాల్వాలో ఉన్న లింట్ కార్ఖానా అలా పుట్టిందే. గోరంత చిప్పు మీద కోట్ల గీతలుంటాయి. వాటిలో ఒక్క గీత పక్కకు జరిగినా పట్టేసే యంత్రం లింట్ వారిది. ఏడాదికి ఒకటే చేస్తారు. ముప్పై ఒక్క దేశాల నుంచి నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు భాగాలు తెప్పించి, వాటి నడుమ తమ చేత్తో సానబట్టిన ఒక లెన్సు కూర్చుతారు.

ఈ ఏటి యంత్రం నవంబరు ముప్పయ్యో తేదీన ఓడ ఎక్కాలి. ఎక్కకపోతే కొనేవాడు వేరొకరిని చూసుకుంటాడు. అప్పుడిక తాళం వేయడమేనని యజమానురాలు మార్టా లింట్ అందరినీ నిలబెట్టి చెప్పింది. ఆవిడ ఏడాదికి రెండు వాక్యాలకు మించి మాట్లాడదు. ఆ ఏటి కోటా అక్కడితో అయిపోయింది.

పందొమ్మిదేళ్ళుగా త్రినాథమే ఆ కార్ఖానా కొనుగోళ్ళ విభాగం. విభాగమంటే అతనూ, ఒక ఫోనూ. పనిమంతుడే. కాకపోతే అతనికి ఒక అలవాటుంది. కొత్త మనిషి కనబడితే రెండో మాటగా “మీదే ఊరండీ?” అంటాడు. మూడో మాటగా ఆ ఊళ్ళో తనకు తెలిసినవాళ్ళ పేర్లు చదువుతాడు. నాలుగో మాటకు ఇద్దరూ ఎక్కడో ఒకచోట చుట్టాలైపోతారు. గోదావరి జిల్లాల్లో అది మర్యాద. వెర్మార్‌లో అది పోలీసులు చేసే పని. వచ్చిన కొత్తలో పక్కింటాయనను అలాగే అడిగితే, ఆయన జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూపించాడు.

కిందటి ఏడాది చివర్లో ప్రపంచంలో ఇద్దరు పెద్దలకు చెడింది. వెర్మార్‌లో వాళ్ళ పేర్లు పైకి అనరు. పడమటాయన, తూర్పాయన అంటారు. తూర్పాయన సామాను ఒక్కటి కనబడినా ఆ యంత్రం కొనేది లేదన్నాడు పడమటాయన. తన సామాను లేకుండా యంత్రం ఎలా చేస్తారో చూస్తానన్నాడు తూర్పాయన. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయనే సామెతను త్రినాథం కార్ఖానాలో అందరికీ అనువదించి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. లేగదూడలకు ఆ సామెత ఎప్పుడూ నచ్చలేదు.

ప్రభుత్వం వెంటనే ఒక కొత్త మంత్రిత్వ శాఖ పెట్టింది. సాంకేతిక సార్వభౌమత్వ పరిరక్షణ, స్నేహ నిర్ధారణ మంత్రిత్వ శాఖ. పాత చేపల పరీక్షా కేంద్రంలో దానికి చోటిచ్చారు. పేరు పొడవై బోర్డు గోడ మలుపు తిరిగింది. డైరెక్టరు బెర్టిల్ ఓస్ట్. ఆయన మాట్లాడే భాషను తెలుగు చేస్తే అచ్చం మన తాలూకా ఆఫీసు భాష అవుతుంది. ఆఫీసులకు ప్రపంచమంతటా మాతృభాష ఒకటే.

ఆ శాఖ మొదటి పనిగా కార్ఖానాల వాళ్ళందరినీ పిలిచి కూర్చోబెట్టింది. ఇకమీదట హైటెక్ యంత్రాలలో మిత్రదేశాల భాగాలే ఉండాలన్నారు. ఇరవై మూడు మిత్రదేశాల పట్టిక పంచారు. అయితే ఒక భాగం ఏ దేశానిదో తేల్చడం ఎలా అని ఓస్ట్ అడిగాడు. పైన అంటించిన చీటీ ఒక దేశం పేరు చెబుతుంది, లోపలి చిప్పు ఇంకో దేశం పేరు చెబుతుంది. వెర్మార్ వాళ్ళు సమావేశాల్లో నోరు విప్పరు. ఆ నిశ్శబ్దం పావుగంట సాగింది.

నిశ్శబ్దాన్ని భరించడం త్రినాథానికి పుట్టుకతో రాలేదు. లేచి నిలబడ్డాడు. తమ ప్రాంతంలో పిల్లనిచ్చేముందు ఇంటి మీద బోర్డు చూసి ఇవ్వరనీ, ఏ ఊరు, ఎవరి అబ్బాయి, తల్లి వైపు వాళ్ళెవరు, వాళ్ళ పెద్దలెవరు అని అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు కనుక్కుంటారనీ చెప్పాడు. మనుషులకే అంత చూస్తే యంత్రాలకు చూడొద్దా అని ఒక విసురు కూడా విసిరి కూర్చున్నాడు. తమాషాకే అన్నాడు. సగం నిజంగానూ అన్నాడు. గోదావరి వాళ్ళ మాటల్లో ఆ రెంటినీ విడదీయడం గోదావరి వాళ్ళకే కష్టం.

ఓస్ట్ రాసుకున్నాడు.

నెల తిరిగేసరికి గెజిట్‌లో వచ్చింది: భాగముల ఏడు తరముల విచారణ నియమావళి. పదార్థం తండ్రి వైపు, ఆ భాగాన్ని చేసిన యంత్రం తల్లి వైపు. రెండు వైపులా ఏడేసి తరాలు మిత్రదేశాల్లోనే పుట్టి ఉండాలి. విచారణ అధికారిగా ఎవరిని వేయాలన్న ప్రశ్నకు ఆ శాఖలో ఎవరూ తలెత్తలేదు గనుక, లింట్ వారి కొనుగోళ్ళ మనిషినే గౌరవ వంశమూల సలహాదారుగా నియమించారు. తన కార్ఖానా యంత్రానికి తానే సర్టిఫికెట్ ఇచ్చుకునే మనిషి తప్పు చేస్తాడా అని మంత్రిత్వ శాఖ ధైర్యం.

తాల్వాలో ఉన్న పదకొండు తెలుగు కుటుంబాలూ కలిసి త్రినాథానికి సన్మానం చేశాయి. శాలువా కప్పారు. ‘వంశవిద్యా విశారద’ అని బిరుదిచ్చారు. ముగ్గురు మాట్లాడారు. ముగ్గురూ ఎక్కువ తమ గురించే చెప్పుకున్నారు. త్రినాథం శాలువా కప్పుకునే ఇంటికొచ్చాడు.

అతని భార్య హైమవతి తాల్వాలో నాలుగో నంబరు ట్రాము నడుపుతుంది. రోజుకు పన్నెండు సార్లు ఊరిని ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తుంది కాబట్టి ఆమెకు భ్రమలు తక్కువ. శాలువా అంచు తిప్పి చీటీ చదివింది.

“ఇది తూర్పాయన దేశంలో నేసిందండీ. వంశవిద్య ముందు దీనికి చూసుకోవలసింది” అంది.

చీటీ కత్తిరించేస్తే సరిపోతుందన్నాడు త్రినాథం.

“అదే కదా, కార్ఖానాల వాళ్ళూ అదే అంటున్నారు. మీరే కుదరదన్నారంట.”

అదీ నేపథ్యం. ఇప్పుడు బోల్టు దగ్గరకు వద్దాం.

యంత్రం అడుగున ఉండే ఆ బోల్టు బుద్ధిమంతురాలే. మిత్రదేశంలో పుట్టింది. దాని ఉక్కు మరో మిత్రదేశంలో కరిగింది. కానీ ఆ ఉక్కును ఒక పాత ఓడను ముక్కలు చేసి తీశారు. ఆ ఓడను కట్టిన దేశం ముప్పయ్యేళ్ళ క్రితం నాలుగు ముక్కలై పటంలోంచి పోయింది. పోయిన దేశం మిత్రుడా, శత్రువా అన్నదే సొరుగులో ఉన్న ఉత్తరం సారాంశం. త్రినాథం ఆ నాలుగు ముక్కలకూ ఫోన్ చేశాడు. ఆ ఓడ మాది కాదంటే మాది కాదని మూడు అన్నాయి. నాలుగోది ఓడ మాదే, తిరిగి ఇచ్చేయమంది.

ఓస్ట్ తొమ్మిది రోజులు ఆలోచించాడు. ఆ తర్వాత మరణానంతర మైత్రీ పత్రం జారీ చేశాడు. సదరు దేశము బ్రతికి ఉన్నయెడల వెర్మార్‌తో స్నేహముగానే ఉండెడిదని విశ్వసించుటకు తగిన ఆధారములు కలవని అందులో రాశారు. బోల్టు గట్టెక్కింది. ఇంక ముప్పై ఒక్క రోజులు.

అక్కడితో ఊరుకుంటే త్రినాథం త్రినాథం కాడు. కృతజ్ఞతలు చెబుదామని ఓస్ట్ దగ్గరకు వెళ్ళాడు. కాఫీ ఇచ్చారు. కాఫీ ఇస్తే ఊరికే తాగి వచ్చే అలవాటు అతనికి లేదు. ఏడు తరాలు చూసినా ఒక్కోసారి పెళ్ళి కుదరదనీ, ఇద్దరిదీ ఒకే గోత్రమైతే అన్నాచెల్లెళ్ళ కింద లెక్కనీ, అక్కడితో మాటలు ఆపేస్తారనీ నవ్వుతూ చెప్పాడు.

ఓస్ట్ రాసుకున్నాడు.

సోమవారం సవరణ వచ్చింది. ఒకే దేశముపై ఆధారపడుటవలన కలుగు ప్రమాదమును నివారించు నిమిత్తము, ఒకదానినొకటి తాకుచుండు రెండు భాగములు ఒకే దేశమునకు చెందియుండరాదు. దేశమంతటా ఆర్థికవేత్తలు దీన్ని మెచ్చుకున్నారు. సరఫరాలను విస్తరించడంలో ఇంతటి దూరదృష్టి పెద్ద దేశాలకు కూడా లేదని పత్రికలు సంపాదకీయాలు రాశాయి.

కార్ఖానాలో మాత్రం నట్టు బోల్టుకు ఎక్కలేదు. నట్టు అంగుళాల దేశానిది, బోల్టు మిల్లీమీటర్ల దేశానిది. లెన్సు సానబట్టే ముసలి కాస్పర్ సుత్తి తీసుకుని వచ్చి, త్రినాథం కళ్ళలోకి చూస్తూ, నట్టును నాలుగు దెబ్బలు కొట్టాడు. నాలుగూ నట్టుకేనా అన్న అనుమానం త్రినాథానికి కలిగింది.

నట్టు మార్చితే వాషరు సగోత్రం అయింది. వాషరు మార్చితే పలక. పలక మార్చితే స్ప్రింగు. త్రినాథం గోడ మీద పెద్ద కాగితం అంటించి, నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు భాగాలనూ పెళ్ళి భోజనాల్లో పడని చుట్టాలను కూర్చోబెట్టినట్టు, ఎవరి పక్కన ఎవరు రాకూడదో చూసుకుంటూ సర్దడం మొదలుపెట్టాడు. పైగా మిత్రదేశాల పట్టిక నిలకడగా ఉండదు. రోజూ ఉదయం తొమ్మిదింటికి రేడియోలో వాతావరణం తర్వాత చదువుతారు. ఉత్తర తీరంలో చిరుజల్లులు, దక్షిణాన మంచు, మిత్రదేశాలు ఇరవై రెండు. మధ్యాహ్నానికి పడమటాయన ఎవరి మీదో మూతి ముడిస్తే ఇరవై ఒకటి. రాత్రికి మాట కలిస్తే మళ్ళీ ఇరవై మూడు. పొద్దున బిగించిన మోటారును మధ్యాహ్నం విప్పి, సాయంత్రం మళ్ళీ బిగించిన రోజులున్నాయి. పనివాళ్ళు ఆ మోటారుకు ఇల్లరికపుటల్లుడని పేరు పెట్టారు. ఆ మాట వాళ్ళకు నేర్పిందెవరో చెప్పనక్కరలేదు.

పదకొండు రోజులు మిగిలాయనగా కాగితం మీద చివరి గడి నిండింది. ఎవరి పక్కనా సగోత్రులు లేరు. కార్ఖానా అంతా బయటికొచ్చి చలిలో నిలబడి చప్పట్లు కొట్టింది. కాస్పర్ తన లెన్సును మెత్తని గుడ్డలో చుట్టి తెచ్చి యంత్రం నడుమ కూర్చాడు. పద్నాలుగు నెలలు చేత్తో సానబట్టిన లెన్సు. యంత్రానికి కన్ను అదే. ఇసుక వెర్మార్ తీరానిది. సాన వెర్మార్ రాయిది. ఏడు తరాలుగా సాన పట్టేవాళ్ళే కాస్పర్ ఇంటివాళ్ళు. పద్నాలుగు వైపుల నుంచీ చూసినా మచ్చలేని వంశం. దానికి విచారణ అక్కర్లేదనుకుని త్రినాథం ఫారంలో ‘వెర్మార్’ అని రాసి పంపాడు.

తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. త్రినాథం పరుగున చేపల పరీక్షా కేంద్రానికి వెళ్ళాడు.

“మిత్రదేశమనగా వెర్మార్‌తో మైత్రీ ఒప్పందము కుదుర్చుకొనిన దేశము” అని ఓస్ట్ చదివాడు. “వెర్మార్ ఇంతవరకు వెర్మార్‌తో ఒప్పందము కుదుర్చుకొని యుండలేదు. పట్టికలో లేని దేశపు భాగమును అనుమతించు అధికారము నాకు లేదు.”

ఈ దేశం ఈ దేశానికి స్నేహితుడే కదా అన్నాడు త్రినాథం.

“ఆ విషయమై మా వద్ద కాగితమేదియు లేదు.”

అంత వరకూ ఓస్ట్‌ను త్రినాథం ఒక వింత మనిషిగా చూశాడు. ఆ క్షణాన మాత్రం ఆయన నిజంగా బాధపడుతున్నాడనిపించింది. లెన్సు వెర్మార్‌దేనని ఓస్ట్‌కు తెలుసు. ఆయన బావమరిది ఆ కార్ఖానాలోనే ప్యాకింగు విభాగంలో ఉన్నాడు. కాని తెలియడం వేరు, దాఖలా వేరు. తాలూకా ఆఫీసు గుమాస్తా కొడుకుకు ఆ తేడా ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

చివరికి ఓస్ట్ పైవాళ్ళను ఒప్పించాడు. వెర్మార్ తనతో తాను మైత్రీ ఒప్పందం చేసుకుంటుంది. ఒకే మనిషి రెండు వైపులా సంతకం చేయకూడదు గనుక ఒక వైపు పరిశ్రమల శాఖ, రెండో వైపు ఆర్థిక శాఖ ప్రతినిధులుగా కూర్చున్నాయి. మూడు రోజులు చర్చలు జరిగాయి. మొదటి రోజు కిటికీ వైపు ఏ వెర్మార్ కూర్చోవాలన్న దానితో సరిపోయింది. రెండో రోజు చేపల వాటాపై ఇరవయ్యేళ్ళ నాటి మాటలు బయటపడ్డాయి. మూడో రోజు మధ్యాహ్నం ఆర్థిక శాఖ చర్చల మధ్యలోంచి లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హైమవతి ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ చెప్పింది. “మీ ఇద్దరు రాయబారులూ నా ట్రామే ఎక్కేరండీ. ఒకాయన ముందు డబ్బాలో, ఇంకొకాయన వెనక డబ్బాలో. ఒకే స్టాపులో దిగేరు. ఒకే మేడలోకి ఎళ్ళేరు. మాటల్లేవు.”

మర్నాడు తొమ్మిదింటికి రేడియో చదివింది. తీరమంతటా పొగమంచు. మిత్రదేశాలు ఇరవై మూడు. వైఖరి స్పష్టము కానందున పరిశీలనలో ఉంచబడిన దేశము ఒకటి: వెర్మార్.

ఇంక అయిదు రోజులు. మార్టా లింట్ కార్ఖానా తాళంచెవిని గుమ్మం పక్క కొక్కేనికి తగిలించింది. అందరికీ కనబడేలా, ఒక్క మాట లేకుండా. కాస్పర్ తన సానరాళ్ళను పాత దినపత్రికల్లో చుట్టుకోవడం మొదలుపెట్టాడు. త్రినాథం అది చూసి కాసేపు కొనుగోళ్ళ విభాగంలో, అంటే ఫోను ముందు, తల పట్టుకుని కూర్చున్నాడు. అతని నోటి నుంచి వచ్చిన మాటలే ఒక్కొక్కటీ గెజిట్‌గా మారి, తిరిగి వచ్చి ఇక్కడ వాలాయి. ఏడు తరాలు తనదే. సగోత్రం తనదే. ఆ లెక్కన విరుగుడు కూడా తన దగ్గరే ఉండాలి.

ఉంది. తన చిన్నాన్న కూతురు కోరుకున్న పిల్లాడిది అదే గోత్రమైతే పెద్దవాళ్ళు ఏం చేశారు? పీటల మీద కూర్చోబెట్టేముందు పిల్లను మేనమామకు దత్తత ఇచ్చారు. పది నిమిషాల పని. పిల్ల గోత్రం మారింది. పెళ్ళయింది. ఆ తర్వాత ఆ పిల్ల పుట్టింటికే వెళ్ళింది, మేనమామ ఇంటికి కాదు.

ఈసారి ఓస్ట్ అడగకుండానే కాగితం ముందుకు లాక్కున్నాడు.

జలసంధికి అవతల సోల్మ్ అనే దేశముంది. పడవలో నలభై నిమిషాలు. పట్టికలో మొదటి పేరు వాళ్ళదే. త్రినాథం లెన్సు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని పడవెక్కాడు. కాస్పర్ పక్కన కూర్చుని దారి పొడవునా పెట్టె మీద చెయ్యి తీయలేదు. పిల్లను దత్తతకు పంపే తండ్రి మొహం ఎలా ఉంటుందో త్రినాథం ఆ నలభై నిమిషాలూ చూశాడు. తన నోటి వల్ల ఒక మనిషికి అంత కష్టం కలగడం అతనికి మొదటిసారి కాకపోవచ్చు. దగ్గర కూర్చుని చూడడం మాత్రం మొదటిసారి. సోల్మ్ రేవులో ఒక అధికారి పెట్టె మూత తీసి, లెన్సు మీద కాస్త ఊది, గుడ్డతో తుడిచాడు. శుభ్రపరచుట ద్వారా సోల్మ్ దేశమునందు గణనీయమైన విలువ చేర్చబడినదని రాసి ముద్ర వేశాడు. లెన్సు సోల్మ్ దేశపు బిడ్డ అయింది. తిరుగు పడవలో కాస్పర్, ఆ అధికారి ఊదిన చోట మరక పడిందని మళ్ళీ తుడుచుకున్నాడు.

లెన్సు పాసైంది. యంత్రమంతా పాసైంది. రెండు రోజులు మిగిలాయి. చివరి కాగితం మీద విచారణ అధికారి సంతకం పెట్టాలి. త్రినాథం కలం మూత తీశాడు.

ఓస్ట్ ఇబ్బందిగా దగ్గి, తర్వాత చేర్చిన తొమ్మిదో నిబంధన చూపించాడు. ధ్రువీకరించు వ్యక్తియు యంత్రములో భాగముగానే పరిగణింపబడును. అతని ఏడు తరములు విచారింపవలెను. ఇదెక్కడిదని త్రినాథం అడగబోయి ఆగిపోయాడు. గుర్తొచ్చింది. సన్మానం రోజున ఓస్ట్‌ను కూడా భోజనానికి పిలిచాడు. సంబంధం చెప్పే పేరయ్య ఎలాంటివాడో ముందు కనుక్కోవాలి, పేరయ్య మంచివాడు కాకపోతే ఏడు తరాలూ దండగ అని, పప్పుచారు వడ్డిస్తూ తానే చెప్పాడు.

తండ్రి పేరు రాశాడు. తాత పేరు రాశాడు. ముత్తాత పేరు పెళ్ళిలో పురోహితుడు చదివాడు గనుక గుర్తుంది. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. ప్రపంచంలో కనబడ్డ ప్రతివాడినీ మీదే ఊరని అడిగిన మనిషికి తనది మూడు తరాల పైన ఏ ఊరో తెలియదు.

రామచంద్రపురానికి ఫోన్ చేశాడు. అతని మేనత్త సత్తెమ్మ వంశానికి మిగిలిన ఏకైక రికార్డు ఆఫీసు. ఇదంతా విని, ఎందుకురా అని కూడా అడగలేదు.

“మా తాత తండ్రి కోటిపల్లి రేవులో పడవ దిగేడంట్రా. ఒంటి మీద జ్వరం. పాతికేళ్ళుంటాయంట.”

“ఏ ఊరి నుంచి అత్తా?”

“ఎవరడిగేరు? తిన్నావా అని అడిగేరంట. తినలేదన్నాడు. కూర్చోమన్నారు. అంతేరా, మనం వచ్చేం.”

తర్వాతైనా, తగ్గాకైనా ఎవరో ఒకరు అడిగి ఉంటారు కదా అన్నాడు త్రినాథం. తన గొంతు తనకే ఓస్ట్ గొంతులా వినిపించింది.

“జ్వరం తగ్గేక పనిలోకి ఎళ్ళిపోయేడు. ఆ తర్వాత పిల్లనిచ్చేరు. పనోడు కదా అని ఇచ్చేరు. ఊరు అడిగుంటే ఇచ్చేవోళ్ళు కాదేమో. నువ్వు తిన్నావా?”

తినలేదని త్రినాథం నిజం చెప్పాడు.

మర్నాడు నాలుగో గడిలో ‘కోటిపల్లి రేవు’ అని రాసి, అయిదు, ఆరు, ఏడు గడుల్లో ‘తెలియదు’ అని రాశాడు. ఏదో ఒక ఊరు రాసెయ్యొచ్చు. సోల్మ్‌లో ముద్ర కూడా దొరుకుతుంది. ఎందుకో చెయ్యి రాలేదు. రేవులో ఆ మనిషిని కూర్చోమన్నవాళ్ళు దొంగ కాగితం అడగలేదు మరి.

ఓస్ట్ ఆ గడులను చాలాసేపు చూశాడు. నియమావళి చివరి పేజీ తిరగేశాడు. మూలము నిర్ధారణ కాని భాగమును యంత్రము నుండి తొలగించవలెను. తొలగించిన పిమ్మట యంత్రము యథాతథముగా పనిచేసినయెడల అనుమతి మంజూరు చేయవచ్చును.

ఇద్దరూ కార్ఖానాకు వెళ్ళారు. త్రినాథాన్ని గేటు బయట నిలబెట్టారు. ఓస్ట్ లోపలికి వెళ్ళి యంత్రం మీట నొక్కాడు. యంత్రం చక్కగా పనిచేసింది.

త్రినాథం గేటు కమ్మీల మధ్య నుంచి చూశాడు. పందొమ్మిదేళ్ళు అనుకున్నదేమిటంటే, తాను లేకపోతే అక్కడ ఒక్క స్క్రూ కూడా తిరగదని. నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండూ తిరుగుతున్నాయి. తనకిది చేటుకాలమే అనుకున్నాడు గాని, లెన్సు పక్కన నిలబడిన కాస్పర్ భుజాలు కిందికి దిగడం కనబడేసరికి, అనుకున్నంత బాధ కలగలేదు.

నవంబరు ముప్పయ్యో తేదీ ఉదయం యంత్రం ఓడ ఎక్కింది. అరవై రెండు ఉద్యోగాలు నిలిచాయి. మార్టా లింట్ గుమ్మం పక్క కొక్కెం మీది తాళంచెవి తీసి జేబులో వేసుకుంది. తర్వాత గేటు దగ్గరకొచ్చి, వచ్చే ఏటి కోటాలోంచి ఒక వాక్యం ముందే ఖర్చు పెట్టింది.

“కాంటీన్ యంత్రంలో భాగం కాదు” అంది.

అలా త్రినాథం కొనుగోళ్ళ విభాగం వంటగదికి మారింది. అదే మనిషి, అదే ఫోను. ఉల్లిపాయలు తెప్పిస్తాడు. వాటి తాతలెవరో ఏ ఉల్లిపాయనూ అడగడు. భోజనానికి వచ్చిన ప్రతివాడినీ తిన్నారా అని అడుగుతాడు. వెర్మార్ వాళ్ళకు ఈ ప్రశ్న కూడా వింతే. పళ్ళెం చేత పట్టుకుని వరుసలో నిలబడ్డవాడు ఇంకా తినలేదని చూస్తే తెలియదా అనుకుంటారు. కానీ ఎవరూ గుర్తింపు కార్డు తీయడం లేదు.

పది రోజుల తర్వాత కాంటీన్‌లో ఫోన్ మోగింది. ఓస్ట్. సెలవు రోజు గనుక హైమవతి కూడా అక్కడే ఉంది, ఉల్లిపాయలు తరుగుతోంది. ఇంకా నలభై కార్ఖానాల యంత్రాలు గోదాముల్లో నిలిచిపోయాయనీ, ఒక్కటీ పాసవడం లేదనీ, మంత్రిగారు ఆందోళనలో ఉన్నారనీ ఓస్ట్ చెప్పాడు. గొంతులో దిగులుంది.

“శ్రీ త్రినాథం గారూ, మీ ప్రాంతమున ఇట్టి పరిస్థితి ఏర్పడినయెడల ఏమి చేయుదురు?”

త్రినాథం నోరు తెరిచాడు. ఒకటి కాదు, మూడు ఆచారాలు నాలుక చివరకు వచ్చి నిలబడ్డాయి. ముహూర్తాలున్నాయి. జాతకాలున్నాయి. శాంతి చేయించడం ఉంది. హైమవతి తరగడం ఆపి, కత్తి అలాగే పట్టుకుని, అతని వైపు చూసింది.

“ఏమీ చేయరండీ” అన్నాడు త్రినాథం. “ఊరుకుంటారు.”

అవతల కాగితం జరిపిన చప్పుడు, దాని మీద కలం గీసుకుంటున్న చప్పుడు వినిపించాయి.

“ఊరుకొనుట” అని ఓస్ట్ నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసుకున్నాడు. “మంచిది. ఎన్ని ప్రతులలో?”